ఏటి అవతల రెండు సీట్లు

మా నాన్న అక్క ఇరవయ్యారేళ్ళు పరాయివాళ్ళ తలుపులు కొట్టి బతికింది. గణాంకాల ఆఫీసులో ఆవిడ ఎన్యూమరేటరు. ఇంట్లో ఎందరున్నారు, పిల్లలు బడికి పోతున్నారా, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు, వంట దేని మీద చేస్తారు, ఇలాంటివి ఇల్లిల్లూ తిరిగి అడిగి, కాగితం మీద గడుల్లో టిక్కులు పెట్టుకుని రావడం ఆవిడ పని. కాలికి బలపం కట్టుకుని తిరిగేవాళ్ళని చాలామందిని చూశాను గానీ అత్తలా తిరిగినవాళ్ళని చూడలేదు. ఏ వీధిలో ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి కాలింగ్ బెల్లు పాడైందో, ఏ ఇంట్లో మొగుడు మాట్లాడుతుంటే పెళ్ళాం నోరు విప్పదో ఆవిడకి కంఠతా వచ్చు.

నేను నర్సింగు చదువుకోడానికి ఆ ఊరు వెళ్ళి రెండేళ్ళు వాళ్ళింట్లో ఉన్నాను. ఈ కథలో సగం నా కళ్ళముందు జరిగింది. మిగతా సగం అత్తే చెప్పింది, తన తప్పులు కూడా దాచకుండా.

నేను వెళ్ళేసరికే ఆ వీధిలో అత్తకి 'పదకొండమ్మ' అని పేరు స్థిరపడిపోయింది. అంతకు నాలుగేళ్ళ ముందు ఆవిడ జీతం లేని సెలవు పెట్టి ఊరి కౌన్సిల్‌కి పోటీ చేసింది. తెలిసిన గుమ్మాలన్నీ ఎక్కి దిగింది. చివరికి సిమెంటు కొట్టాయన చేతిలో పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. వంద ఓట్లతో ఓడిపోయినా మరిచిపోయేదేమో. పదకొండు మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. "ఎదురింట్లోనే పదకొండుమంది ఉన్నారే," అనేవాడు మామయ్య. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఏ బాధ వచ్చినా దానికో నట్టు బిగించి వదిలేసే మనిషి. "ఆ ఒక్క ఇంటికీ ఇంకోసారి వెళ్ళుంటే ఈపాటికి కుర్చీలో ఉండేదానివి." అత్త నవ్వేది కాదు. ఎదురింటివాళ్ళతో మాట్లాడటం ఎప్పుడో మానేసింది.

ఇక పిట్ట సంగతి. పిట్ట ఆదివాసి. ఊరి చివర ఏరు దాటితే అవతల గట్టున వాళ్ళ ఇళ్ళు రెండొందల పైచిలుకు ఉంటాయి. ఈ ఊరు పుట్టకముందు నుంచీ వాళ్ళు ఆ గట్టునే ఉన్నారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం వాళ్ళు ఎక్కణ్ణుంచో వచ్చి చేరినట్టు 'కొండవాళ్ళు' అంటారు. పిట్ట అప్పటికి తొమ్మిదేళ్ళ ముందే ఆఫీసులో తాత్కాలికంగా చేరింది. ఆ పిల్ల అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. సన్నటి గొంతు కాబట్టి మొదటివారంలోనే పిట్ట అని పెట్టేశారు. ఆమె ఔననలేదు, కాదనలేదు. పని నేర్పమని అత్తకి అప్పజెప్పారు.

అత్త బాగా నేర్పింది. తలుపు కొట్టాక రెండడుగులు వెనక్కి వేసి నిలబడాలి. ముందు ఆఫీసు పేరు, తర్వాత మన పేరు చెప్పాలి. కాగితం మీద ఎలా ఉందో అలాగే చదవాలి, ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. "మన మొహం ఇంట్లో పెట్టి తలుపేసుకుని రావాలి," అనేది. "మనకేమనిపిస్తుందో వాళ్ళు మన మొహంలో చదివితే, ఇక వాళ్ళు చెప్పేది వాళ్ళ జవాబు కాదు, మనది." పిట్ట ఈ మాటలు ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. ఏటి అవతలికి ఎప్పుడు పని పడ్డా పిట్టనే పంపేవారు. అత్త ఆ ఏరు ఒక్కసారి కూడా దాటలేదు. దాటాల్సిన అవసరం రాలేదు.

నేను వెళ్ళిన రెండో ఏడు ఊళ్ళో ఒక కబురు గుప్పుమంది. ఏటి గట్టున ఆదివాసుల శ్మశానం ఉన్నచోట బస్సుల షెడ్డు కట్టాలని కౌన్సిల్ ఎప్పుడో తీర్మానించింది. అవతలివాళ్ళు మూడేళ్ళుగా అర్జీ మీద అర్జీ పెడుతున్నారు. చివరికి పై అధికారులు కదిలి ఒక ప్రతిపాదన పంపించారు: కౌన్సిల్లో రెండు సీట్లు ఆదివాసులకి కేటాయించాలి, ఆ సీట్లకి మనుషుల్ని వాళ్ళే ఎన్నుకోవాలి, ఆ గట్టు మీద ఏం కట్టాలన్నా ఆ ఇద్దరి ఒప్పుదల ఉండాలి. కౌన్సిల్ ఓటింగుకి ముందు ఊరి జనం అభిప్రాయం కూడా తెలుసుకోమన్నారు. అవతల పెద్దలు కూర్చుని, సీట్లు వస్తే ఒకదానికి పిట్టని నిలబెడతామని చెప్పేశారు. ఆ అర్జీలన్నీ రాసింది పిట్టేనని అప్పుడుగానీ ఆఫీసులో ఎవరికీ తెలియలేదు.

ఆ సాయంత్రం అత్త చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"విన్నావటే? మా పిట్ట కౌన్సిలరవుతుందట."

"మంచిదే కదత్తా," అన్నాను.

"మంచిదే. ఎవరు కాదన్నారు?" అంది. "నేను రెండు వేల గుమ్మాలు ఎక్కానే. కనపడ్డవాళ్ళకల్లా దండం పెట్టాను. దాన్ని ఇంటికి పిలిచి బొట్టు పెట్టి ఇస్తున్నారు. పెన్ను ఎలా పట్టుకోవాలో నేర్పింది నేను!"

"పెన్ను పట్టుకోవడం బళ్ళో నేర్చుకునే వచ్చుంటుందిలే," అన్నాడు మామయ్య లోపల్నుంచి.

"మీరు ఊరుకోండి!"

ఆ రోజు నుంచీ అత్త మారిపోయింది. పిట్ట కట్టుకొచ్చే చీరల మీద వ్యాఖ్యానాలు మొదలెట్టింది. పిట్ట భోజనాల దగ్గర పక్కన కూర్చుంటే డబ్బా మూసేసి లేచిపోయేది. ఒకరోజు పిట్ట మా ఇంటికే వచ్చింది. పెద్దల ముందు ఇవ్వాల్సిన ఉపన్యాసం రాసుకుని, సరి చూడమని తెచ్చింది.

"అక్కా, మీరొక్కసారి చదివి పెడితే ధైర్యంగా ఉంటుంది," అంది గుమ్మంలోనే నిలబడి.

"నాకేం తెలుసమ్మా ఇవన్నీ. ఓడిపోయినదాన్ని," అంది అత్త. కాగితం మాత్రం తీసుకుంది. పిట్ట వెళ్ళాక రెండుసార్లు చదివింది. "బాగా రాసింది," అంది మాడిపోయిన మొహంతో, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు. తప్పులు ఒకటి రెండు కనిపించాయట. దిద్దకుండానే మర్నాడు తిరిగిచ్చేసింది. ఆ మాట చాలా రోజుల తర్వాత తనే నాతో చెప్పింది. "కళ్ళలో నిప్పులు పోసుకున్నానే అప్పుడు. చూస్తూ చూస్తూ."

జనాభిప్రాయ సేకరణ మొదలైంది. పిట్టకి దీంతో సంబంధం ఉండకూడదని సెలవులో పంపేశారు. అత్తకి నాలుగో వీధి, అయిదో వీధి ఇచ్చారు. కాగితం మీద మూడే ప్రశ్నలు. కౌన్సిల్లో ఆదివాసులకి రెండు సీట్లుండాలా? వాళ్ళ నేల మీద వాళ్ళ ఒప్పుదల తప్పనిసరి చెయ్యాలా? రేపు వాళ్ళలో ఒకరు కౌన్సిల్ అధ్యక్షులైతే మీకు సమ్మతమేనా? ప్రతిదానికీ మూడు గడులు: ఒప్పుకుంటాను, ఒప్పుకోను, చెప్పలేను.

మొదటి ఇల్లు ఇస్త్రీ కొట్టాయనది. అత్త ప్రశ్న చదివింది. ఆయన పెట్టె ఎత్తి పట్టుకుని, "వాళ్ళు కుర్చీలో కూర్చుంటే నాకు గిరాకీ తగ్గుతుందా పెరుగుతుందా?" అన్నాడు.

"అది ఇందులో లేదండి."

"అయితే చెప్పలేను."

రెండో ఇల్లు ఒక టీచరమ్మది. ఆవిడ అత్తని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. గోడ మీద ఆదివాసులు అల్లిన పెద్ద తడిక అలంకారంగా వేలాడుతోంది. "నాకు వాళ్ళంటే ఎంత అభిమానమో తెలుసా?" అంది. "ఆ పనితనం చూడండి. ఆ అమాయకత్వం మనకెక్కడిది? కానీ సీట్లూ గీట్లూ అంటే... వాళ్ళకి ఈ రాజకీయాలన్నీ దేనికండీ, పాపం."

"ఒప్పుకోను అని రాసుకోమంటారా?"

"అలా అని కాదు... సరే, రాసుకోండి."

మూడో ఇంట్లో కూతురికి ఉద్యోగం రాని తల్లి ఒకావిడ ఉంది. ప్రశ్న పూర్తి కానివ్వలేదు. "మా అమ్మాయి మూడుసార్లు పరీక్ష రాసిందమ్మా. ఎవరడిగారు మమ్మల్ని? మేమేమన్నా మనుషులం కామా? అందరికీ అన్నీ వస్తాయి, మనకి తప్ప!"

ఎన్నాళ్ళుగానో అత్త నోట్లో నానుతున్న మాట ఇంకొకరి నోట్లోంచి వచ్చింది. అత్త ఆవిడ చెయ్యి పట్టుకుని, "అంతేనమ్మా" అంది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఏ గుమ్మంలోనూ అనని మాట అది.

అక్కణ్ణుంచి అత్త మొహం ఇంట్లో ఉండటం మానేసింది. ప్రశ్న మాటలు మార్చలేదు. మార్చక్కర్లేదు, ఆవిడ అంత పనిమంతురాలు. "ఆదివాసులకి" దగ్గర చిన్నగా ఆగేది. "రెండు" అనే మాటని కొంచెం సాగదీసేది. ఒప్పుకుంటాననేవాళ్ళని, "ఖాయమేనా? రాసేసుకుంటున్నా మరి" అని ఇంకోసారి అడిగేది. ఒప్పుకోననేవాళ్ళని ఏమీ అడిగేది కాదు. సగంమంది మనుషులు గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళకి ఏది ఇష్టమో అదే చెప్పేసి తలుపేసుకుంటారు. అది అత్తకంటే బాగా ఎవరికి తెలుసు?

అయిదో వీధి చివరింట్లో రిటైరైన బస్సు కండక్టరు ఉండేవాడు. ఆయన ప్రశ్న విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్ళు వాళ్ళని బస్సు వెనక సీట్లో కూర్చోమన్నానమ్మా నేను. రూలేం లేదు. అందరూ అనేవాళ్ళు, నేనూ అన్నాను. ఇప్పుడు కౌన్సిల్లో సీటు ఇవ్వచ్చా అని నన్నడుగుతున్నారు. ఆలోచించుకోవాలి. రేపు రండి."

అత్త మర్నాడు వెళ్ళలేదు. ఆయన కాగితం మీద మూడు చోట్లా 'ఒప్పుకోను' గడిలో టిక్కు పెట్టేసింది. ఇంట్లో లేనివాళ్ళవి ఇంకో మూడు కూడా అలాగే నింపింది. వంటింటి బల్ల మీద కూర్చుని నింపుతుంటే నేను చూశాను. ఆఫీసు పని కదా, నాకేం అనుమానం రాలేదు. మామయ్య మాత్రం టీ గ్లాసు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. "ఈ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారోయ్, ఇన్ని కాగితాలు నిండుతున్నాయి?" అన్నాడు. అత్త ఇంకో కాగితం ముందుకి లాక్కుంది. ఆయన గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

పదిరోజుల తర్వాత కౌన్సిల్ హాల్లో బహిరంగ సమావేశం పెట్టారు. నేనూ అత్తతో వెళ్ళాను. కుర్చీలు చాలక జనం గోడల పొడుగునా నిలబడ్డారు. ఏటి అవతలివాళ్ళు అరవైమంది దాకా వచ్చారు. అందరికంటే ముందే వచ్చి, వెనక వరసలు వదిలేసి వాళ్ళు ముందు వరసల్లోనే కూర్చున్నారు. వాళ్ళ మధ్య పిట్ట.

సిమెంటు కొట్టాయన లేచి కాగితం ఊపాడు. "ఊరంతా కలిపితే వ్యతిరేకం యాభై ఎనిమిది శాతం. సరే, అది అటూ ఇటూ అనుకుందాం. కానీ నాలుగో వీధి, అయిదో వీధి చూడండి. నూటికి ఎనభై తొమ్మిదిమంది వద్దన్నారు! ఇది జనం మాట. జనం మాట కాదని సీట్లెలా ఇస్తాం?"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలో కండక్టరు లేచాడు.

"మాది అయిదో వీధేనండి. నేను ఒప్పుకుంటానని చెప్పలేదు, ఒప్పుకోననీ చెప్పలేదు. ఆలోచించి చెబుతానన్నాను. మళ్ళీ ఎవరూ రాలేదు. ఇంకో మాట. మా వీధిలో నూటికి ఎనభై తొమ్మిదిమంది ఒక్క మాట మీద నిలబడటం నేను పుట్టాక చూడలేదు. చెత్తకుండీ ఎక్కడ పెట్టాలో పదేళ్ళుగా తేలలేదు మాకు."

హాలంతా గొల్లుమంది. అప్పుడు పిట్ట లేచింది. ఒక్కసారి అత్త వైపు చూసింది. ఆ చూపులోనే నాకర్థమైంది, పిట్టకి విషయం తెలిసిపోయింది. ఆ రెండు వీధులూ ఎవరివో, గుమ్మంలో మొహంతో ఏమేం చెయ్యొచ్చో ఆమెకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చెప్పేస్తుందేమో అనుకున్నాను. పిట్ట చెప్పలేదు. గణాంకాల ఆఫీసు సూపరింటెండెంటు వైపు తిరిగి, ఆ సన్నటి గొంతుతోనే అడిగింది.

"అయ్యా, ఈ శాతాల్లో మా ఇళ్ళెన్ని ఉన్నాయి?"

ఆయన కాగితాలు తిరగేశాడు. "మీవంటే... మీ ఇళ్ళకి డోరు నంబర్లు లేవు కదమ్మా. నంబర్లున్న ఇళ్ళ జాబితా నుంచే తీస్తాం."

"అంటే ఒక్కటి కూడా లేదు."

"...లేదు."

"మా సంగతి ఊరందర్నీ అడిగారు. మమ్మల్ని తప్ప," అని కూర్చుంది. అంతే. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు.

అందరి కళ్ళూ పిట్ట మీదే. ముసలివాళ్ళు, కుర్రాళ్ళు, నోట్సు రాసుకుంటున్న పేపరాయన, చివరికి సిమెంటు కొట్టాయన కూడా. అప్పుడు అత్త లేచి నిలబడింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకుంది.

"ఆ నాలుగో వీధి, అయిదో వీధి తిరిగింది నేను," అంది. గొంతు మామూలుగానే ఉంది, గుమ్మంలో నిలబడి ఆఫీసు పేరు చెప్పినట్టు. "ఆ కాగితాలు పక్కన పడెయ్యండి. నేను సరిగ్గా అడగలేదు. నాలుగు కాగితాలు అడక్కుండానే నింపాను. ఈ కండక్టరుగారిది అందులో ఒకటి."

తర్వాత ఏమైందో సరిగ్గా గుర్తులేదు, అంత గోల. ఎవరో "పదకొండమ్మా!" అని అరిచారు. సూపరింటెండెంటు తల పట్టుకున్నాడు. అత్త నా భుజం ఆసరాగా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది.

ఇంటికెళ్ళాక నేను, "ఎంత ధైర్యమత్తా నీకు!" అన్నాను. నిజంగానే గర్వంగా అనిపించింది నాకు.

అత్త నా వైపు చిరాగ్గా చూసింది. "ధైర్యం లేదు, పాడూ లేదు. అందరూ దాన్నే చూస్తున్నారే. నేను ఓడిపోయిన హాలది. దాంట్లో నిలబడి ఆ నాలుగు ముక్కలూ నేను మాట్లాడాల్సింది. అది మాట్లాడేసింది. ఎంత బాగా మాట్లాడిందే! నా వల్ల కాలేదు. ఒక్క క్షణం నన్ను కూడా చూడాలనిపించింది. చెప్పుకోడానికి నా దగ్గర ఆ తప్పు తప్ప ఇంకేముంది?"

మామయ్య ఆ రోజు జోకేమీ వెయ్యలేదు. అన్నం తనే వడ్డించాడు.

విచారణ జరిగింది. అత్తని ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఆర్నెల్లు వీధుల్లోకి వెళ్ళకూడదని చెప్పి, ఆఫీసులో పాత కాగితాలు సర్దే పని ఇచ్చారు. ఆ రెండు వీధులూ వేరేవాళ్ళు మళ్ళీ తిరిగారు. వద్దన్నవాళ్ళే కొంచెం ఎక్కువ తేలారు. తేడా మాత్రం బాగా తగ్గింది. ఏటి అవతల కూడా తిరిగి, అక్కడి జవాబులు కూడా కలిపారు. కౌన్సిల్ మూడుసార్లు వాయిదా వేసి, చివరికి ఒక్క ఓటు తేడాతో రెండు సీట్లకీ ఒప్పుకుంది, అదీ ఒక విడతకి మాత్రమే, తర్వాత మళ్ళీ చూద్దామని. గట్టు మీద ఒప్పుదల సంగతి మాత్రం "పరిశీలన"లో పెట్టారు. ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు. షెడ్డు మాత్రం ఆగింది. పిట్ట గెలిచింది.

గెలిచాక పిట్ట చేయించిన మొదటి పని, అవతల ఇళ్ళన్నిటికీ నంబర్లు వేయించడం. అప్పటికి అత్త ఆర్నెల్లూ పూర్తయ్యాయి. ఏరు దాటడానికి ఆఫీసులో ఇంకెవరూ ముందుకు రాలేదు. "నేనే వెళ్తాను," అంది అత్త. ఆదివారం కావడంతో రంగు డబ్బా మొయ్యడానికి నేనూ వెళ్ళాను.

అంకెల రేకు గోడకి ఆనించి కుంచెతో రంగు అద్దుకుంటూ ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ అత్త రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. కొన్ని ఇళ్ళలో మంచినీళ్ళు ఇచ్చారు. కొన్ని ఇళ్ళలో ఆవిడ ఎవరో తెలిసి తలుపు తియ్యలేదు. తియ్యనివాళ్ళ గోడ మీద నంబరు వెయ్యలేదు. "మళ్ళీ వస్తాను, వాళ్ళు తీసినప్పుడే," అని పుస్తకంలో రాసుకుంది.

పిట్ట ఇంటి దగ్గర ఆమె తల్లి బయటికొచ్చింది. నా చేతినుంచి అత్త చేతికి రంగు కుంచె మారుతుంటే చూస్తూ, వాళ్ళ భాషలో కూతుర్ని పిలిచింది. మూడు నాలుగు అక్షరాల పేరు, మధ్యలో గొంతులోంచి వచ్చే ఒక శబ్దం. అత్త కుంచె ఆపింది.

"మళ్ళీ ఒకసారి పిలవండమ్మా," అంది. ఆవిడ పిలిచింది. అత్త అనబోయి తడబడింది. మళ్ళీ అంది. మూడోసారికి ఆ తల్లి పకపకా నవ్వింది.

పిట్ట బయటికొచ్చి, "పిట్ట అనే పిలవండక్కా, నాకలవాటే," అంది.

"నీకలవాటైతే? తొమ్మిదేళ్ళు నేర్పినదాన్ని, నీ పేరు నాకు రాలేదు. సిగ్గుగా ఉంది," అంది అత్త. వెంటనే, "అయినా నువ్వు చెప్పొచ్చుగా మొదట్లోనే!" అని కసిరింది.

"ఆ రోజు మీరు చెప్పింది రాసుకోడంలో ఉండిపోయానక్కా."

ఇద్దరూ గట్టు మీద కాసేపు కూర్చున్నారు. ఆ కాగితాల గురించి క్షమించమని అత్త అడుగుతుందేమోనని నేను కనిపెట్టుకుని ఉన్నాను. అడగలేదు. పిట్ట కూడా ఆ మాట ఎత్తలేదు. కానీ లేచేముందు ఒక మాటంది: "ఆ రోజు హాల్లో మీ మీద నాకు చాలా కోపం వచ్చిందక్కా. ఇంకా ఉంది."

"ఉండనీ," అంది అత్త. "నాకూ ఉంది నీ మీద."

ఇది జరిగి నాలుగేళ్ళు. అత్త మంచిదైపోయిందని చెబితే అబద్ధం. నెలకోసారి కౌన్సిల్ సమావేశాలకి వెళ్ళి, జనం కూర్చునే బెంచీ మీద కూర్చుంటుంది. మర్నాడు పొద్దున్నే ఫోను చేసి, ఇప్పుడు అసలు పేరుతోనే పిలిచి, నిన్న 'అంటే' అని ఎన్నిసార్లన్నావో, ఎక్కడ గొంతు పడిపోయిందో, సిమెంటు కొట్టాయనకి ఏ జవాబు చెప్పుండాల్సిందో ఏకరువు పెడుతుంది. అవతలివైపు నుంచి "ఊఁ, రాసుకున్నానక్కా" అని వినిపిస్తుందట. పోయిన నెల ఆమెని నీళ్ళ కమిటీకి అధ్యక్షురాల్ని చేశారని పేపర్లో చూసి నేనే ఫోన్లో చెప్పాను. "మంచిదే," అంది అత్త. ఆ పూట అన్నం సగమే తిని లేచిపోయిందని మామయ్య చెప్పాడు.